తొట్టి మీద దుప్పటి

అత్త ఒంటిమిట్టలో బస్సెక్కిందట. ఫోనులో పుల్లమ్మ గొంతు, టికెట్లు అడుగుతున్న కండక్టరు గొంతు కలిసిపోయి వినిపించాయి. "విద్యా, ఎక్కినా. సీటు గూడా దొరికింది. అన్నం గిన్నం ఏం చెయ్యొద్దు, కాసిన్ని బొరుగులుంటే సాలు" అని, పెట్టేయబోతూ "శెట్టి ఎట్లుండాడు?" అని అడిగింది. "బాగుండాడత్తా" అంది శ్రీవిద్య. అది అబద్ధమనడానికి లేదు, నిజమనడానికీ లేదు, ఎందుకంటే శెట్టిని ఆమె మొన్నటి నుంచి చూడనేలేదు. శెట్టి అంటే చేప. హాల్లో ఈశాన్యం మూల గాజు తొట్టిలో మిగిలిన ఒకే ఒక్క బంగారు చేప. ఆ తొట్టి మీద ఇప్పుడు రెండు దుప్పట్లున్నాయి, కింద గళ్లది, పైన పూలది, ఎక్కడా సందు లేకుండా బట్టల క్లిప్పులతో బిగించి. లోపల ఏం జరుగుతోందో చెప్పడానికి గాలి మోటరు బుడబుడ తప్ప వేరే ఆధారం లేదు. ఒంటిమిట్ట నుంచి కడప ఎంత, నెమ్మదిగా వచ్చినా గంట. ఆ గంటలో దుప్పట్లు తీసేసి లైటు వేసేయడమా, అలాగే ఉంచి అత్తకు ఎదురు నిలబడటమా అన్నది తేలిపోవాలి. పెళ్లయి ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఎవరినీ అడగకుండా ఆమె చేసిన మొదటి పని ఇది. అదీ పోయి పోయి ఒక చేప విషయంలో. నవ్వొచ్చింది గానీ నవ్వడానికి ఇంట్లో ఎవరూ లేరు.

మొగుడు జ్ఞానేశ్వర్ పాత్రల అంగడి నుంచి మధ్యాహ్నమే ఫోను చేశాడు. వెనకాల ఎవరో స్టీలు బిందెను గోరుతో కొట్టి చూస్తున్న చప్పుడు. "అమ్మ వచ్చేలోపల ఆ గుడ్డలు తీసి లైటెయ్. మీరిద్దరూ మొగాలు మాడ్చుకుంటే మధ్యలో నేను సావాల" అన్నాడు. తొట్టిలో ఏముందో ఆయనకు పట్టదు. తొట్టి ఆ మూల ఉండాలి, అందులో నీళ్లుండాలి, నీళ్లలో ఏదో ఒకటి కదులుతుండాలి, అంతే. "రేపు పొద్దుటికి మూడు రోజులవుతుంది, ఇప్పుడు తీస్తే చేసినదంతా వృథా" అని ఆమె చెప్పబోయేసరికి బిందె బేరం కుదిరినట్టుంది, మళ్లీ చేస్తానని పెట్టేశాడు. మళ్లీ చేయలేదు. చేయడని ఇద్దరికీ తెలుసు. ఇంట్లో ఇద్దరాడవాళ్లున్నప్పుడు మగవాడు చేతులు దులుపుకోవడం ఎంత తేలికో అనుకుంది, కోపంగా ఏమీ కాదు, పంచాంగంలో తిథి చూసినంత మామూలుగా. ఫ్యాను తిరుగుతోంది. చైత్రం ఇంకా సగమే అయింది, గోడలు అప్పుడే పెనం లాగా కాలుతున్నాయి. ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం రాత్రిపూట వెన్నెల్లో చేస్తారు కాబట్టి సరిపోయింది, పగలైతే ఈ ఎండకు ముసలామె తట్టుకునేది కాదు. భజన బృందం ఆడవాళ్లతో వెళ్లి, కల్యాణం చూసి, అక్కడ పిన్నమ్మ కూతురింట్లో ఉండి వస్తోంది. ఈ ఇల్లు వదిలి అత్త వేరే చోట పడుకోవడం మామ పోయాక ఇదే మొదలు.

తొట్టిని తెచ్చింది మామ రామలింగయ్య. ఆయన అంగట్లో వ్యాపారం మందగించిన ఏడాది ఎవరో వాస్తు పండితుడు ఈశాన్యంలో నీళ్లు, నీళ్లలో ప్రాణం కదలాలన్నాడు. అంగడి ఈశాన్యంలో అప్పటికే కుక్కర్లు దొంతర్లుగా ఉన్నాయి, వాటిని కదిలించడం ఆయన వల్ల కాలేదు. తొట్టి ఇంటికొచ్చింది. కోమట్ల ఇంట్లో చేపలేందప్పా అని వీధి వీధంతా నవ్వింది. పుల్లమ్మ ఆ నీళ్లు వంటింటి వైపు రాకూడదంది, దానికో బకెట్టు, ఒక చెంబు, ఒక గుడ్డ వేరే పెట్టింది, తొట్టి తుడిచిన రోజు హాలంతా పసుపు నీళ్లు చల్లింది. మామ మాత్రం సాయంత్రం అంగడి నుంచి రాగానే చొక్కా కూడా విప్పకుండా తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చేపల్లో ఒకటి లావుగా, పొట్ట ముందుకు తోసుకుని, ఏ పనీ లేకుండా అటూ ఇటూ తిరిగేది, దానికి శెట్టి అని ఆయనే పేరు పెట్టాడు. "చూడమ్మా, అచ్చం గల్లాపెట్టె ముందర మా నాయన" అని కోడలికి చూపించి పగలబడి నవ్వేవాడు. ఆయన నవ్వడం శ్రీవిద్య చూసింది ఆ తొట్టి ముందే. మంచివాడే. మంచివాళ్లంతా ఎందుకో తమకు నచ్చినట్టే ఇల్లంతా నడవాలనుకుంటారు, అది వాళ్లకు తెలియదు కూడా.

ఆయన పోయినప్పుడు హాల్లోనే పడుకోబెట్టారు. తల దగ్గర దీపం, ఆ పక్కన తొట్టిలో లైటు, ఎవరు వేశారో తెలియదు. వేసిన లైటు కర్మలు అయిందాకా ఎవరూ ఆర్పలేదు. అన్నీ ముగిసి చుట్టాలు సర్దుకుంటున్నప్పుడు జ్ఞానేశ్వర్ వెళ్లి స్విచ్చి మీద చెయ్యి వేస్తే పుల్లమ్మ, "వద్దప్పా, ఉండనీ" అంది. ఆ ఒక్క మాటకు హాలంతా ఏడ్చింది. పిన్నమ్మ కూతురైతే గుండె బాదుకుంది. ఆ తర్వాత పుల్లమ్మ తన మంచం పడగ్గదిలోంచి తీయించి తొట్టి పక్కన వేయించుకుంది, అప్పుడు మళ్లీ ఏడ్చారు. మొగుని పేరు మీద దీపం ఆరనీదంట అని ఊరూరా చెప్పుకున్నారు. అంగడికి వచ్చిన బేరగాళ్లు కూడా అడిగేవాళ్లు, ఏమప్పా మీ అమ్మ ఇంకా ఆ లైటు ఆర్పలేదంటనే అని. కరెంటు పోతే ఇన్వర్టరు మీద వెలిగేది. ఆ బ్యాటరీ ఈ ఎండలకు ఎండిపోయి కూర్చుంది, బాగు చేయిస్తానని జ్ఞానేశ్వర్ అంటూనే ఉన్నాడు. రెండు వేసవులుగా రాత్రీ పగలూ వెలుగుతూ ఉంది ఆ లైటు. చేపలకు రెప్పలుండవని శ్రీవిద్య చెప్పాలనుకుంది. ఎవరికి చెప్పాలి? అందరూ మెచ్చుకున్న దాన్ని తప్పని చెప్పడానికి ఒక వేళా పాళా ఉంటుంది, అదెప్పుడూ వచ్చేది కాదు.

లైటు ఒక్కటే అయితే తంటా ఉండేది కాదు. దాణా సంగతి ఇంకొకటి. డబ్బాలోని ఎర్ర గుళికల్లో ఎండుచేపల పొడి కలుపుతారని ఎవరో పుల్లమ్మ చెవిన వేశారు. ఆమె ఆ డబ్బా మూత తీసి వాసన చూసి, ఇంటి బయట పారేయించి, తలకు పోసుకుని వచ్చింది. ఆ రోజు నుంచి శెట్టికీ వాడి తోటివాళ్లకూ దేవుని నైవేద్యమే. పొద్దున పూజ అయ్యాక చిటికెడు అన్నం, శుక్రవారం పెసరపప్పు, శనివారం పులిహోర మెతుకులు, ఏకాదశినాడు బొరుగులు. "చేపలకు ఉపాసమేందమ్మా పాపం" అనేది. కోమటి ఇంట చేరినందుకు చేపలు కూడా శాకాహారులైపోయాయని శ్రీవిద్య తన చెల్లెలికి ఫోనులో చెప్పి నవ్వించింది. తిన్నంత తిని, మిగిలిన మెతుకులు అడుగున చేరి కుళ్లాయి. ఆపై ఆగని వెలుతురు. మొదట గాజు మూలల్లో, బోరు నీళ్ల ఉప్పు గీత కింద సన్నగా పచ్చటి పొర. తర్వాత రాళ్లకు వెంట్రుకల్లాంటి నాచు. స్పాంజితో గీకితే ఒక వారం ఆగేది, మళ్లీ పట్టేది. సగం నీళ్లు మార్చినా అంతే. పోయిన నెలకు నీళ్లే పచ్చబడిపోయాయి, చేప గాజుకు ఆనుకుంటే తప్ప కనిపించేది కాదు. ఒకదాని తర్వాత ఒకటి తేలడం మొదలుపెట్టాయి. తేలినదాన్ని పూలకుండీలో పూడ్చి వస్తే పుల్లమ్మ "మీ మామ పిలుచుకుంటాండాడు" అనేది, అని ఆ పూట తినేది కాదు. ఎవరు పిలుచుకుంటున్నారో గానీ, ఏది చంపుతోందో శ్రీవిద్యకు స్పష్టంగా తెలుసు. తెలిసి కిమ్మనకుండా కుండీలో మన్ను కప్పేది. అదే ఆమెకు రోత పుట్టించింది, చేపలు చావడం కంటే.

నిజం చెప్పాలంటే ఆ నాచు మీద ఆమెకు పగ లేదు. ఆదోని నుంచి కడపకు కోడలుగా రాకముందు బీఎస్సీ బాటనీ చదివింది. మొదటి రోజు ప్రాక్టికల్లో మేడం సీసాలోంచి ఒక చుక్క పచ్చ నీళ్లు గాజు పలక మీద వేసి మైక్రోస్కోపులో చూడమంది. ఒంటి కన్ను మూసి చూస్తే, సన్నటి పారదర్శకమైన గొట్టం, లోపల చుట్టలు చుట్టుకుని పోతున్న పచ్చ రిబ్బను. ఎవరో తీరిగ్గా కూర్చుని జడ వేసినట్టుంది. స్పైరోగైరా అంది మేడం. బొమ్మ వేయడానికి పెన్సిలు మూడుసార్లు చెక్కుకుంది. ఆ చదువుతో ఏదో అయిపోయేదాన్ని అని నిట్టూర్చే రకం కాదు ఆమె, నిట్టూరుస్తూ కూర్చుంటే ఎవరికీ ఏమీ ఒరగదు. కాకపోతే ఈ ఇంట్లో ఇన్ని బిందెలు, ఇన్ని దేవుని పటాలు, ఇంతమంది చుట్టాలు, వీటన్నిటి మధ్య ఆమెకు అసలు పేరు తెలిసినది ఆ నాచు ఒక్కటే. గాజు మీద వేలు పెట్టి గీత గీస్తే ఆ గీతలోంచి మాత్రమే చేప కనపడుతుంది, అలా కొన్నాళ్లు సరదాగా చూసింది. ఆదోని మాట నోట్లోంచి వస్తే, డబ్బుల్ని దుడ్లు అంటే, అత్త ఇప్పటికీ నవ్వుతుంది. నవ్వనీ. నాచుకు వెలుతురూ తిండీ ఇస్తే పెరుగుతుంది, ఇవ్వకపోతే చస్తుంది, దాని తప్పేమీ లేదు. మనుషులు కూడా అంత సూటిగా ఉంటే బాగుండేది.

బస్టాండు దగ్గర చేపలమ్మే ఏసురాజు అంగడికి వెళ్లింది, మొన్న పుల్లమ్మను బస్సెక్కించి తిరిగి వస్తూ. అతను పంజరంలో చిలకకు జామకాయ పెడుతూ, "నత్తలు తీస్కపోండి మేడం, పాచి తింటాయి" అన్నాడు. నత్తలు ఆ ఇంటికి ఎలా వస్తాయి, చేపలు వచ్చిందే గొప్ప. "ఇంకేదన్నా చెప్పప్పా" అంటే, "అయితే మూడు దినాలు చీకట్లో పెట్టండి. దుప్పటి కప్పి, తిండి గూడా పెట్టాకండి. గాలి మోటరు మాత్రం ఆపొద్దు. మధ్యలో తీసి చూడాకండి, చూస్తే మళ్లా మొదలు" అని, ఎందుకైనా మంచిదని నత్తలు కూడా చూపించాడు. చీకట్లో చచ్చే నాచు నీళ్లలోని గాలి తినేస్తుందని ఆమెకు తెలుసు. కాబట్టి మోటరు ఆగితే శెట్టి గతి అంతే. ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, స్విచ్చి నొక్కింది. చిన్న చప్పుడు, అంతే. రెండు వేసవుల తర్వాత ఆ మూల చీకటయింది. భూమి బద్దలు కాలేదు. ఆ రాత్రి మాత్రం జ్ఞానేశ్వర్ నీళ్లు తాగడానికి లేచి హాల్లో కుర్చీకి తట్టుకుని తిట్టుకున్నాడు. ఆమె పడుకుని బుడబుడ వింటూ ఉంది, శబ్దం ఆగలేదు కదా, ఉన్నాడులే అనుకుంటూ.

ఇప్పుడు కూడా అదే వింటోంది. బస్సు భాకరాపేట దాటి ఉంటుంది. దుప్పటి అంచు పట్టుకుంది. తీసేస్తే తప్పేముంది, అత్త కళ్లకు లైటు కనపడుతుంది, పచ్చ నీళ్లు యథాప్రకారం, నాలుగు వారాలకు శెట్టి కుండీలోకి. ఉంచితే ఇవాళే రచ్చ, పిన్నమ్మ కూతురికి ఫోను, మామ దీపం ఆర్పిన కోడలు. లోపల వాడు అప్పటికే చచ్చి ఉంటే, చంపింది ఇక పిలుపూ కాదు, నాచూ కాదు, శ్రీవిద్యే. అప్పుడిక ఈ ఇంట్లో ఎన్నేళ్లున్నా చేపను చంపిన కోడలుగానే ఉండాలి. దానికి మాత్రం భయమేసింది. మిగతావన్నీ దూరంగా, ఎవరో వేరొకరి సంసారం లాగా కనపడుతుంటే, ఆ ఒక్కటి దగ్గరికొచ్చి కూర్చుంది. కిటికీలో ఎండ రంగు మారింది. దేవుని దగ్గర దీపం పెట్టే వేళ. క్లిప్పు మీద వేలుంచి ఆలోచిస్తూ ఉండగానే ఫ్యాను నెమ్మదించింది. రెక్కలు ఒక్కొక్కటిగా కనపడి ఆగాయి. కరెంటు పోయింది. బుడబుడ ఆగిపోయింది.

ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండగలదని ఆమెకు తెలియదు. కాసేపు చూసింది, వస్తుందేమోనని. వీధిలో ఎవరో లైన్మన్‌ను పేరు పెట్టి తిట్టారు. రాలేదు. అప్పుడిక ఆలోచన అనేది ఏదీ జరగలేదు, చేతులే కదిలాయి. ఆ మైల చెంబు తెచ్చింది, ఒక మూల క్లిప్పు తీసి, చెయ్యి పట్టేటంత సందు చేసి, దుప్పటి కింద నీళ్లు ముంచి, ఎత్తి, పైనుంచి పోసింది. పైనుంచి పోస్తే నీళ్లతో పాటు కాస్త గాలి లోపలికి పోతుంది. మళ్లీ ముంచింది, మళ్లీ పోసింది. మోచేయి దాకా పాచి వాసన. లోపల ఏమీ కనపడదు, బయట కూడా ఇక ఏమీ కనపడటం లేదు, సంధ్య వెలుగు హాల్లోకి రాకముందే అయిపోయింది. దేవుని దగ్గర దీపం పెట్టాలి, అసురసంధ్య వేళ ఇల్లు చీకటిగా ఉండకూడదు, అది గుర్తొచ్చింది గానీ చెయ్యి ఆపాలనిపించలేదు. పురుళ్ల ఆసుపత్రిలో నర్సులు ఇలాగే ఉంటారేమో, ఏ బిడ్డా తమది కాదు, ఏ బిడ్డనూ వదలరు. ఎన్ని చెంబులు పోసిందో లెక్క లేదు. భుజం లాగుతోంది. ఉన్నట్టుండి మణికట్టుకు ఏదో మెత్తగా, చల్లగా తగిలింది. ఆగి, మళ్లీ తగిలింది, అన్నం మెతుకు కోసం. ఉన్నాడు. శ్రీవిద్యకు ఏడుపొచ్చింది. సంతోషమే, అంత సంతోషం ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ ఒంటరిగా పడలేదు. దుప్పటి తీసే సంగతి ఇక మనసులోకే రాలేదు.

గేటు చప్పుడైంది. "ఈడనే ఆపప్పా" అని ఆటోవాడితో అంటున్న పుల్లమ్మ గొంతు గట్టిగానే ఉంది. గడపలోకి వచ్చాక మాత్రం మారిపోయింది.

"విద్యా... విద్యా! యాడుండావు?"

"ఈడనే అత్తా, తొట్టి కాడ. కరెంటు పోయిండాది. సెల్లు లైటు వేద్దునా? చెయ్యి తడిగా ఉండాది."

గోడ పట్టుకుని, కుర్చీ పట్టుకుని, మంచం కోడు పట్టుకుని పుల్లమ్మ వచ్చింది. చెయ్యి శ్రీవిద్య భుజం మీద పడి, చీరతో సహా బిగుసుకుంది. ఒంటిమిట్ట కుంకుమ వాసన. అరచెయ్యి చెమటతో తడిసి ఉంది, ఊపిరి అందడం లేదు. మెట్లెక్కినందుకనుకుంది శ్రీవిద్య. ఇక చెప్పేయడమే.

"అత్తా, మీరు పోయినప్పటి నుంచి తొట్టి లైటు ఆర్పేసినాను. దుప్పటి కప్పినాను. పాచి చావాలంటే చీకట్లో పెట్టాలంట. మిమ్మల్ని అడగలేదు."

భుజం మీది చెయ్యి ఇంకా బిగిసింది. 

"శెట్టి?"

"ఉండాడు. ఇందాక చేతికి తగిలినాడు."

"ఆపొద్దు, పోస్తా ఉండు" అంది పుల్లమ్మ. భుజం వదలకుండానే మెల్లగా నేల మీద కూర్చుంది, కోడలి మోకాలికి ఆనుకుని. ఎవరితోనూ కాదన్నట్టు, "మీ మామకు రవ్వంత ఎలుతురున్నా నిద్ర పట్టదు, నీకు తెల్దు. ఈదిలైటు పడ్తాదని పడకింటి కిటికీకి అట్ట కొట్టించినాడు. నేను కాపరానికొచ్చిన కాన్నుంచి చీకట్లోనే పండుకున్యా" అంది.

"నిద్రకు చీకటి మంచిదే లేండి అత్తా."

"నాకు చీకటంటే బయం మ్మీ."

డెబ్బై దగ్గరపడిన మనిషి. శ్రీవిద్య చెంబు ముంచింది, పోసింది.  "మామకు చెప్పలేదా?" అంది.

"కొత్తల్లో ఒగసారి చెప్తే నవ్వినాడు. మళ్లా చెప్పలే." పుల్లమ్మ గొంతు సవరించుకుంది. "ఆయన పోయిన రేత్రి ఈడ దీపం ఉండాది, ఆ లైటు ఉండాది, అందరూ ఏడుస్తాండారు. నేను గోడకు ఆనుకొని పండుకున్యా. శానా నిద్ర పట్టింది మ్మీ నాకు. పుట్టి బుద్ధెరిగినాక అట్లా నిద్ర పట్టలే. తెల్లారి లేసినాక సిగ్గయింది, ఎవరితో చెప్పుకునేది? జ్ఞానేశు లైటు ఆర్పబోతే వద్దన్యా. ఆయన కోసమని వాళ్లే అనుకున్యారు. నేను అనలే."

నిజమే, అనలేదు. ఆ రోజు హాల్లో ఏడ్చిన వాళ్లందరూ ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు, శ్రీవిద్య కూడా. ఇన్ని పగళ్లు పక్కపక్కనే పప్పు ఏరుతూ, చింతపండు పిక్కలు తీస్తూ ఉండి కూడా ఈ మనిషిని ఏమీ అడగలేదు తను. అడగాలనే అనిపించలేదు.  ఎడమ చెయ్యి ఖాళీగానే ఉంది, దాన్ని తన భుజం మీది చేతి మీద వేసింది. ముడతల చెయ్యి, ఇంకా బిగువు తగ్గలేదు. కుడిచేత్తో పోస్తూనే ఉంది.

కరెంటు వచ్చేసరికి ఇద్దరూ కళ్లు చిట్లించారు. ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది, ఫ్యాను కదిలింది, దుప్పటి కింద బుడబుడ మొదలైంది. పుల్లమ్మ చెయ్యి తీసేసి, కొంగు సర్దుకుని, నేల మీద చేతులు ఊని లేచింది. మొహం ఎప్పటి అత్త మొహమే. సంచీ విప్పి ప్రసాదం పొట్లం బయటికి తీస్తూ తొట్టి వైపు చూసింది.

"ఎప్పుడు తీస్తావు ఆ గుడ్డ?"

"పొద్దున. కానీ తీసినాక కూడా రాత్రిళ్లు లైటు ఆర్పాల అత్తా. అన్నం మెతుకులు ఎయ్యకూడదు. లేకుంటే మళ్లీ పడ్తాది."

"ఆర్పెయ్. వాడు గూడా నిద్రబోవల్ల గదా." పొట్లం ముడి రాలేదు, పంటితో లాగింది. "నా మంచం కాడ గోడకు చిన్న బల్బు ఒగటి పెట్టియ్యమని చెప్పు జ్ఞానేశుకు."

"ఎందుకని అడుగుతాడు."

 పుల్లమ్మ కోడలి చేతిలో చక్కెర పొంగలి పెట్టి, "మీ మామ కోసమని చెప్పు" అంది.